బేరానికి ఒక వంక

ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పిన రోజు నుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. తిరుపతిలో బాడుగ ఇళ్ళ సంగతి తెలిసిందే. కొండకు వచ్చే యాత్రికులకు రోజు లెక్కన గదులిస్తే, మేమిచ్చే నెల బాడుగ వారం తిరక్కుండానే వచ్చేస్తుంది. మా ఓనరుకు ఆ తెలివి కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. "రెండు నెల్లు టైమిస్తాండా సార్. కిందా పైనా అన్నీ రూములు జేస్తాండాం," అన్నాడు, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అది మాకు ఐదో ఇల్లు. దింపీ ఎక్కించీ మా బీరువా తలుపు ఒకటి సరిగ్గా మూసుకోవడం ఎప్పుడో మానేసింది.

నేనొక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నా భార్య కంటి ఆస్పత్రిలో నర్సు. "ఈసారి బాడుగకు పోయేది లేదు. చిన్నదో పెద్దదో, సొంతానికి కొనాల్సిందే," అని ఆమె తేల్చేసింది. ఇద్దరి జీతాలు చూసి బ్యాంకు ఇస్తానన్న లోను, ఆమె చీటీల డబ్బు, మా నాయన అమ్మిన అరెకరం మామిడి తోటలో నా వాటా, అన్నీ కలిపి ఎంత సాగదీసినా నలభై ఆరు లక్షలు దాటలేదు. ఆ డబ్బుకు తిరుపతిలో వచ్చేవి ఎలాంటి ఇళ్ళంటే, మెట్ల కింద వంటిల్లు ఉన్నవి, పక్కింటివాళ్ళ బాత్రూం కిటికీ మన దేవుడి గదిలోకి తెరుచుకునేవి. నెలా పది రోజుల్లో పదమూడు చూశాం. పదమూడింటిలోనూ ఒక్కో గదికి ఒక్కో నిట్టూర్పు విడిచి బయటపడ్డాం.

వాటన్నిటినీ చూపించినవాడు ఒకే బ్రోకరు. రేణిగుంట రోడ్డులో ఒక టీ అంగడి అతని ఆఫీసు. అక్కడి బల్ల మీద ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళు లేచేదాకా స్కూటరు మీదే కూర్చుంటాడు తప్ప వేరే చోటికి పోడు. అతనికి రెండు నియమాలున్నాయి. కొనేవాడు, అమ్మేవాడు అడ్వాన్సు చేతులు మారేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఇల్లు నచ్చినా ముఖంలో కనబడకూడదు. "మాట నా దగ్గర పెట్టండి సార్, నేను మోసుకుపోతా. మీరు మీరు మాట్లాడుకుంటే కొట్టుకుంటారు," అనేవాడు.

పద్నాలుగో ఇల్లు ఒక వీధి చివర ఉంది. వీధి నేరుగా వచ్చి ఆ ఇంటి గేటు దగ్గర ఆగిపోతుంది. గేటు తీయగానే లోపల గోడను ఆనుకుని ఒక సిమెంటు బెంచీ. మూడు గదులు, వెనకాల జామచెట్టు, మేడ ఎక్కితే ఎదురుగా కొండలు. ఓనరు రిటైరైన బస్సు డ్రైవరు. సత్యవేడు దగ్గర తమ్ముడి ఇంటి పక్కన చిన్న ఇల్లు వేసుకుని పోవాలని దీన్ని అమ్ముతున్నాడు. "సూడండప్పా," అని మాకు చెప్పి ఆయన పెరట్లోకి వెళ్ళిపోయాడు. హాల్లో గోడకు ఆయన భార్య పటం ఉంది. పటం కింద చిన్న చెక్క మీద స్టీలు గ్లాసు, అందులో కాఫీ. దాని మీద మీగడ కట్టి ఉంది.

పటం నేను చూశాను. ఆ తర్వాత జరిగినదానికి, అప్పుడు గమనించలేదని చెబితే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. కానీ చూశాను, గ్లాసుతో సహా.

నా భార్య బ్రోకరు చెప్పినట్టే ముఖం బిగించుకుని గదులన్నీ తిరిగింది. బయటికి వచ్చేటప్పుడు ఆ సిమెంటు బెంచీ మీద చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడింది. బండి వీధి మలుపు తిరిగాక నా భుజం గట్టిగా పట్టుకుని, "ఇదే," అంది. అంతకుముందు పదమూడు ఇళ్ళకు ఆమె నా భుజం పట్టుకోలేదు.

ఆయన చెప్పిన రేటు యాభై ఎనిమిది లక్షలు.

మర్నాడు మధ్యాహ్నం టీ అంగడి దగ్గర బ్రోకరుతో, "నలభై ఆరుకు అడగండి," అన్నాను. అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఊరికే పన్నెండు లచ్చలు తగ్గించి అడిగితే ఆయప్ప నన్ను గేటు బయటే నిలబెట్టి తిడతాడు సార్. దానికొక వంక గావాల."

"వంకెందుకు? నా దగ్గర ఉన్నది అంతే అని చెప్పండి."

"అట్ట సెప్తే ఎట్ట సార్? వంక సెప్పి తగ్గిస్తే అది ఇంటికి తక్కువ. సెప్పకుండా తగ్గిస్తే ఆ మనిషికి తక్కువ. మర్యాద గాదు."

అతను నిజంగానే దాన్ని మర్యాద అనుకుంటున్నాడు. నాకు నవ్వొచ్చింది. సరే, వంక వెతుకుదామని ఇద్దరం కూర్చున్నాం. బోరు నీళ్ళు ఎలా ఉంటాయన్నాను. తియ్యగా ఉంటాయన్నాడు. స్లాబు కారుతుందా అన్నాను. "యాడ కారుతాది సార్? ఏటా వానలకు ముందు ఆయప్పే పైకెక్కి చీలికలన్నీ పూడ్చుకుంటాడు," అన్నాడు. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. ఇరుగుపొరుగు మంచివాళ్ళు. కరెంటు మీటరు కూడా కొత్తది. ఇంత శుభ్రంగా ఇల్లు ఉంచుకున్నందుకు ఆ పెద్దాయన మీద నాకు కోపం వచ్చింది. రెండు గంటలకు క్లాసుంది, టీ చల్లారిపోయింది, కాలు బల్ల కింద దానంతట అదే ఊగుతోంది. నా ఓపిక ఎప్పుడూ అంతే, అరగంట దాటదు.

"వీధిపోటు ఉంది కదా," అన్నాను.

వీధి నేరుగా వచ్చి ఇంటి గేటుకు తగలడాన్ని వీధిపోటంటారు. అది ఇంటి ఇల్లాలికి కీడని, వాస్తు పట్టింపు ఉన్నవాళ్ళు అలాంటి ఇంటి వైపు తొంగి కూడా చూడరు. నేను వాస్తు నమ్మను. బలం, త్వరణం అని రోజూ బోర్డు మీద బాణాలు గీసేవాణ్ణి, నిలబడి ఉన్న రోడ్డు ఇంటిని పొడుస్తుందంటే ఎలా నమ్ముతాను? నమ్మకం లేదు కాబట్టే ఆ మాట అంత సులువుగా నోట్లోంచి ఊడిపడింది.

బ్రోకరు కళ్ళు వెలిగాయి. "అదీ మాటంటే!" అన్నాడు. వెంటనే ఎందుకో తగ్గి, "కాకపోతే ఆడమనిషి పోయిన ఇల్లు సార్. గెట్టిగా తగులుతాది," అన్నాడు.

నేను గడియారం చూసుకున్నాను. "ఎట్లా చెప్తే పనవుతుందో అట్లా చెప్పండి," అని బండి స్టార్టు చేశాను. ఈ వ్యవహారంలో నువ్వు చేసిన తప్పేమిటని ఎవరైనా అడిగితే, వీధిపోటు మాటకంటే ముందు ఈ మాటే చెబుతాను.

సాయంత్రం ఇంట్లో నా తెలివికి నేనే మురిసిపోతూ నా భార్యకు చెప్పాను. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తోంది. చేతులు ఆగాయి.

"హాల్లో పటం చూడలేదా మీరు?"

"చూశాను."

మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. ఆ ఇల్లు ఆమెకు అంతగా కావాలి. వెనక్కి తీసుకో అని ఆమె అనలేదు, తీసుకోనా అని నేను అడగలేదు.

మూడు రోజులు ఏ కబురూ లేదు. ఫోను చేస్తే మోగుతుంది, బ్రోకరు ఎత్తడు. క్లాసులో ఒకే లెక్క రెండుసార్లు చేసి పిలకాయల చేత నవ్వించుకున్నాను. అన్నం తింటూ మధ్యలో లేచి ఫోను చూసుకునేవాణ్ణి. పని లేకపోయినా ఆ వీధి మొదటిదాకా బండి వేసుకుపోయి, మలుపు దగ్గర నుంచే తిరిగి వచ్చేవాణ్ణి. రెండోసారి అలా వెళ్ళినప్పుడు అక్కడి ఇస్త్రీ బండి అతను, "ఎవరు గావాల సార్?" అని అడిగాడు. ఎవరూ వద్దని చెప్పి వచ్చేశాను.

నాలుగో రోజు బ్రోకరే ఫోను చేశాడు.

"ఒప్పేసుకున్నాడు సార్! రూపాయి పైకి అడగలా. సరే అన్నాడు, లేసి లోపలికి పోయినాడు. సోమవారం అడ్వాన్సు ఇచ్చేయండి."

నా భార్య ఫోను నా చేతిలోంచి లాక్కుని అతని చేత మళ్ళీ చెప్పించుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. కరివేపాకు కట్ట దగ్గర కూడా ఒక మాట మనం తగ్గి అడుగుతాం, ఒక మాట వాళ్ళు ఎక్కి అడుగుతారు, మధ్యలో ఎక్కడో కలుస్తాం. పన్నెండు లక్షలు తగ్గించి అడిగితే ఒక్క మాట ఎదురు చెప్పని మనిషి ఎవరు? సంతలో ఆవుల బేరం చేసేటప్పుడు మా నాయన అనేవాడు: "తొలిమాటకే తలూపినోడి ఆవును ఇంకోసారి సూడు." కాగితాలన్నీ మళ్ళీ ముందరేసుకున్నాను. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రసీదులు, ప్లాను. ఒక్క పొరపాటూ లేదు. ఉంటే బాగుండుననిపించింది.

ఆదివారం పొద్దున ఇడ్లీ పిండి తెస్తానని చెప్పి బయల్దేరాను. బ్రోకరు నియమం తప్పుతున్నానని తెలుసు. ఆయన్ని ఒక్కసారి చూసి, ఎందుకు ఒప్పుకున్నారని అడిగేస్తే నా కాలు ఊగడం ఆగుతుందనుకున్నాను.

మలుపు తిరగ్గానే కనబడాల్సిన గేటు కనబడలేదు. వేరే వీధికి వచ్చానేమోనని బండి ఆపి చుట్టూ చూశాను. ఇస్త్రీ బండి అక్కడే ఉంది. మెల్లగా ముందుకు పోయాను. గేటు రెక్కలు రెండూ ఊడదీసి కాంపౌండు గోడకు ఆనించి ఉన్నాయి. గేటు ఉండాల్సిన చోట ఒక మేస్త్రీ ఇటుకలు పేరుస్తున్నాడు. రెండు వరసలు అయిపోయి మూడోది నడుస్తోంది. పెద్దాయన గొంతుక్కూర్చుని ఇటుకల మీద మగ్గుతో నీళ్ళు పోస్తున్నాడు. పక్క సందు వైపు గోడకు కొత్తగా ఒక కంత కొట్టి ఉంది.

"ఓ, మేస్టరా. రాప్పా," అన్నాడు నన్ను గుర్తుపట్టి. "ఆ పక్కనుంచి రా. ఈడ దోవ లేదు."

"ఏం చేస్తాండారు పెద్దాయనా?"

"మూసేస్తాండా. సందులోకి దోవ పెట్టిస్తాండా. రేపు నువ్వు అడ్వాన్సు ఇచ్చేలోపల పని ముగించాలని."

"అమ్మేసే ఇంటికి మీకెందుకు ఈ ఖర్చు?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నేను సత్యవేడుకు పోతానప్పా. నీ ఆడమనిషి ఈడనే గదా ఉండాల. తెలిసినాక ఎట్ట ఇడిసిపెట్టేది?"

నేను ఆ ఇటుకల పక్కనే నిలబడిపోయాను. కూర్చోమని సిమెంటు బెంచీ చూపించాడు. కూర్చోలేదు. ఆయన మాత్రం నీళ్ళు పోస్తూనే, అడగకుండానే చెప్పుకుపోయాడు.

"నేను తడ మీదుగా మద్రాసు బండి తోలేటోణ్ణి. ఏ పొద్దు ఇల్లు జేరతానో నాకే తెలీదు. ఆయమ్మది పులికాట్ ఒడ్డున పల్లె. సిన్నప్పటి నుంచి ఒడ్డున కూసోని, వాళ్ళ నాయన పడవ యాడుండాదా అని దూరంగా సూసే అలవాటంట. ఈ ఇల్లు గట్టేటప్పుడు ఒకటే అడిగింది. గేటు వీధికి నేరుగా పెట్టు, నువ్వు మలుపు తిరిగేది నాకు కనబడాల అని. నేను మలుపు తిరిగినానంటే ఈ బెంచీ మీద నుంచి లేసి లోపలికి పోయేది. నేను గేటు కాడికి వచ్చేలోపల కాఫీకి నీళ్ళు పెట్టేసేది."

మేస్త్రీ ఇంకో ఇటుక అడిగాడు. ఆయన అందించాడు.

"ఇల్లు గట్టిన ఆరో ఏడు పోయింది. డాక్టర్లు ఏందేందో సెప్పినారు. నాకు అర్థం గాలా. మంచి మనిషి ఏమిటికి పోయిందా అని ఇన్నాళ్ళూ కొట్టుకున్యా. బ్రోకరు సెప్పినాక అర్థమయింది. ఆపొద్దు నేను వద్దే అని గెట్టిగా సెప్పి ఉంటే బతికుండేదేమో." మగ్గు బకెట్టులో వేసి తల ఎత్తాడు. "సైన్సు మేస్టరే కనిపెట్టినాడు అన్నాడు బ్రోకరు. పిలకాయలకు సెప్పేటోడివి, నీకు తెలుస్తాది. ఎంత దూరం నుంచి వస్తే తగులుతాదప్పా అది?"

బ్రోకరు నా మాటను నేనిచ్చినట్టే మోయలేదు. దారిలో నా చదువును కూడా దానికి కలిపాడు. ఎలా చెప్తే పనవుతుందో అలా చెప్పమన్నది నేనే.

ఊరుకుంటే రేపు ఇల్లు మాది. నలభై ఆరుకే మాది. నా భుజం మీద నా భార్య చెయ్యి గుర్తొచ్చింది, బీరువా తలుపు గుర్తొచ్చింది. రెండు వారాల్లో ఖాళీ చెయ్యాలి. ఇవన్నీ గుర్తుండగానే, ఆయన ఇంకా నా ముఖంలోకే చూస్తుండగా చెప్పేశాను.

"అట్లాంటిదేమీ లేదు పెద్దాయనా. రోడ్డు ఎవరికీ తగలదు. రేటు తగ్గించడానికి ఒక వంక కావాల్సొచ్చింది. మీ ఇంట్లో వేరే వంక ఏదీ దొరకలేదు. అందుకే ఆ మాట చెప్పి పంపినాను. లోపల పటం చూసి కూడా పంపినాను."

మేస్త్రీ చేతిలో తాపీ ఆగింది. ఆయన కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. మగ్గు తీసుకుని, నీళ్ళు పొయ్యకుండానే మళ్ళీ బకెట్టులో వేశాడు.

"పొద్దున్నే కాఫీ కలిపి ముందు ఆయమ్మ కాడ పెట్టేది అలవాటు," అన్నాడు. "ఈ నాలుగు నాళ్ళూ వంటింట్లోనే నిలబడి తాగినా. పటం ముందరికి పోలా. మొగం సూపలేక."

క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. నా జీవితంలో అంత సిగ్గు అంతకుముందు ఎరగను.

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. పటం ముందు ఆయన వీపు కనబడింది. ఏమైనా మాట్లాడాడో లేదో నాకు వినబడలేదు. వెనక్కి వచ్చి మూడో వరస మీద వేలు పెట్టి చూశాడు.

"పచ్చిగానే ఉండాది," అన్నాడు మేస్త్రీతో. తర్వాత నాతో, "ఏం సూస్తాండావు? గెట్టిపడకముందే ఎత్తు," అన్నాడు.

ఎత్తాను. ఒక్కో ఇటుక తీసి ఇస్తుంటే ఆయన దాని సిమెంటు గీకి, సందు వైపు కంత పూడ్చడానికి పక్కన పేర్చాడు. అడుగు వరస కొంచెం పట్టుకుంది, మేస్త్రీ ఉలి పెట్టి కదిలించాల్సి వచ్చింది. ముగ్గురం కలిసి గేటు రెక్కలను మళ్ళీ సీలలకు ఎక్కించాం. ఎడమ రెక్క ఒకపట్టాన కూర్చోలేదు. అంతసేపూ ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, "పెద్దాయనా, మీరన్న యాభై ఎనిమిది నా వల్ల కాదు. కానీ కొంచెం టైమిస్తే..." అని మొదలుపెట్టాను.

"నీకియ్యను," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నలభై ఆరుకూ ఇయ్యను, యాభై ఎనిమిదికీ ఇయ్యను. ఇంగెవరికన్నా ఇస్తానో లేదో ఇంకా తెలీదు. పోయిరాప్పా."

పిండి లేకుండా ఇంటికి వచ్చాను. గోళ్ళలో సిమెంటు చూసి నా భార్య ఏమిటని అడిగింది. అంతా చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మాట పంపినందుకా, పోయి వెనక్కి తీసుకున్నందుకా అన్నది ఆమె చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. బ్రోకరు మాత్రం ఏ దాపరికం లేకుండా తిట్టాడు. "సెప్పకుండా పోయి సెడగొట్టినారు గదా సార్! ఒకసారి పంపిన వంకను ఎవురన్నా వెనక్కి తెచ్చుకుంటారా?"

ఇప్పుడు తిరుచానూరు వైపు ఉన్నాం, బాడుగకే. ఆరో ఇల్లు. బీరువా రెండో తలుపు కూడా లూజయింది. ఆదివారం ఆదివారం వేరే బ్రోకర్లతో ఇళ్ళు చూస్తూనే ఉన్నాం. నచ్చినా నచ్చకపోయినా నా భార్య ముఖం ఇప్పుడు బిగించుకునే ఉంటోంది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఆ వీధిలోకి వెళ్ళాను. పనేమీ లేదు, ఉండబట్టలేక వెళ్ళాను. మలుపు తిరగ్గానే గేటు కనబడింది. గేటు లోపల బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నాడు, పక్కన కాఫీ గ్లాసు. మలుపు దగ్గరే నన్ను గుర్తుపట్టాడని అర్థమైంది. వెనక్కి తిప్పుకోవడానికి లేదు. ఆ వీధి ఎంత పొడవో అప్పుడు తెలిసింది నాకు. పొడవునా ఆయన నన్ను చూస్తూనే ఉన్నాడు. గేటు దాకా పోయి బండి ఆపాను.

"ఇల్లు దొరికినాదా?" అన్నాడు.

"లేదు పెద్దాయనా. మళ్ళీ బాడుగకే."

"దొరుకుతాదిలే," అన్నాడు.

గేటు గడియ వెయ్యలేదు, ఊరికే దగ్గరికి చేర్చి ఉంది. ఆయన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. లోపలికి రమ్మనలేదు.